ఛందస్సు ప్రశ్నను తీసేయొద్దు, సరిచేయండి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి తెలుగు పరీక్షలో ఛందస్సు ప్రశ్న అనవసరమని, పిల్లలకు టెన్షన్ తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదని ఒక తల్లి రాసిన ఉత్తరం మీ పత్రికలో చదివాను. గురులఘువులు (పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, తక్కువసేపు పట్టేది లఘువు) గుర్తించడం రాక కూతురు రాత్రి పుస్తకం మూసేసి ఏడ్చిందని ఆవిడ రాశారు. నేను 22 ఏళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. అలాంటి ఏడుపు నా క్లాసులోనూ చూశాను. ఆవిడ చెప్పిన జబ్బు నిజమే. మందు మాత్రం అది కాదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా రాయాలనిపించింది.

ముందు ఆ ప్రశ్న ఎలా వస్తుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఒక పద్యపాదం ఇస్తారు. ఒక్క పాదమే, పద్యం కాదు. గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి, అంటే అక్షరాలను మూడేసి చొప్పున గణాలుగా విడదీసి, అది ఏ పద్యమో పేరు రాయమంటారు. అంతే. ఆ పాదం ఎవరి నోట వచ్చింది, ఏ బాధలో వచ్చింది, దానికి ముందేముంది, తర్వాతేముంది అన్న ఊసే ఉండదు.

ఎక్కువగా అడిగేవి నాలుగు వృత్తాలు. ఉత్పలమాల భగణంతో మొదలవుతుంది, చంపకమాల నగణంతో, శార్దూలం మగణంతో, మత్తేభం సగణంతో. నాలుగింటికీ మొదటి గణం వేరు కాబట్టి మొదటి మూడు అక్షరాలు చూస్తే పేరు తెలిసిపోతుంది. ఈ కిటుకు గైడుల్లో ఉంటుంది, ట్యూషన్లలో చెబుతారు, నేనూ చాలా ఏళ్లు చెప్పాను. పేరు తెలిశాక పిల్లలు మిగతా అక్షరాల వైపు చూడనే చూడరు. ఉత్పలమాల అయితే భ ర న భ భ ర వ అని బట్టీ పట్టిన వరుసను పాదం మీద పరిచేస్తారు. అక్కడున్నది గురువో లఘువో వాళ్లకు అక్కర్లేదు. పూర్తి మార్కులు వచ్చేస్తాయి. పద్యం ఒక్కసారి కూడా పైకి చదవకుండానే వస్తాయి.

ఈ సంగతి నాకు గట్టిగా తగిలింది ఒక ప్రీ-ఫైనల్ పేపరు దిద్దుతున్నప్పుడు. ఆ పేపర్లో పోతన గజేంద్రమోక్షం నుంచి ఒక పాదం ఇచ్చారు. ‘ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్’ అని ఉండాలి. అచ్చులో ‘ఠావులు దప్పెను’ అని పడింది. ఒక్క పొల్లు పోయి కొమ్ము వచ్చింది. చూడడానికి చిన్న తప్పే. కానీ ‘ఠావుల్ దప్’ అంటే మూడు గురువులు, మగణం, శార్దూలం. ‘ఠావులు’ అంటే ఒక గురువు, రెండు లఘువులు, భగణం. కిటుకు తెలిసిన పిల్లలంతా ‘ఉత్పలమాల’ అని రాశారు. పైగా ఒక అక్షరం పెరిగి పాదానికి 20 అక్షరాలయ్యాయి. ఉత్పలమాలకూ 20 అక్షరాలే. లెక్క కుదిరిందని సంతోషపడి కింద భ ర న భ భ ర వ పరిచేశారు.

ఒక్క అమ్మాయి అలా చేయలేదు. ప్రతి అక్షరానికీ గుర్తు వేసింది. మొదట భగణం వచ్చింది, రెండోదీ భగణమే వచ్చింది, మూడోది రగణం. ఉత్పలమాలలో రెండో గణం రగణం కావాలి కదా. యతి చూసింది, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి ఉన్న అక్షరం పడాల్సిన చోటు. ఉత్పలమాలకు పదో అక్షరం యతిస్థానం. అక్కడ ‘చ్చె’ ఉంది, ‘ఠా’తో కుదరదు. ‘ఠా’తో కలిసే ‘డ’ పద్నాలుగో అక్షరంగా ఉంది. అప్పుడు ఆ పిల్ల ఇలా రాసింది: ‘ఇది ఏ పద్యమూ కాదు. యతి ఒక అక్షరం ముందుకు జరిగింది. ఠావుల్ అని ఉంటే యతి 13వ అక్షరానికి వచ్చి శార్దూలం అవుతుంది.’

ఆ పేపరు దిద్దింది నేనే. జవాబుల కీలో ఉన్న గణాలు అక్కడ లేవని ఎర్ర పెన్నుతో కొట్టేసి ముందుకు వెళ్లిపోయాను. నాలుగైదు పేపర్ల తర్వాత ‘ముందుకు జరిగింది’ అన్న మాట మళ్లీ మళ్లీ గుర్తొచ్చి, వెనక్కి తిప్పి చూశాను. ఆ పిల్ల రాసింది అక్షరం అక్షరం కరెక్టు. ప్రశ్నపత్రంలో తప్పుంది, కీలో ఆ తప్పుకు చోటు లేదు, నేను కీ చూసి దిద్దాను. పూర్తి మార్కులు వేసి, మర్నాడు ఆ పేపరు క్లాసులో చదివి వినిపించాను.

చదివాక ఒక ప్రశ్న అడగాలనిపించి అడిగాను. ‘ఠావులు దప్పెను’ అంటే ఏమిటి, ‘ఠావుల్ దప్పెను’ అంటే ఏమిటి, తేడా ఏమైనా ఉందా? అర్థంలో ఏమీ లేదు, రెండిటికీ చోటు తప్పాయనే. అందరూ అదే అన్నారు. పైకి చదవండి అన్నాను. నాలుగైదు సార్లు చదివాక వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి, ‘ఠావుల్ అంటే ఊపిరి ఆగిపోయినట్టు ఉంది టీచర్’ అన్నాడు.

ఆ రోజు మిగతా పాఠం పక్కన పెట్టి ఆ ఒక్క పద్యం మీదే కూర్చున్నాం. మీ పాఠకులకు నోటికి వచ్చిన పద్యమే అయినా, నేను చెప్పబోయేది కళ్ల ముందు పద్యం లేకపోతే తెలియదు కాబట్టి పూర్తిగా రాస్తున్నాను.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ మన్నింపం దగున్ దీనునిన్
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

రెండో పాదంలో పొల్లులు లెక్కపెట్టమన్నాను. ఠావుల్, దనువున్, డస్సెన్, శ్రమంబయ్యెడిన్. నాలుగు. ప్రతి చోటా నోరు మూతపడుతుంది, ఊపిరి తెగుతుంది. ఏనుగు చెబుతున్నదీ అదే, ఒళ్లు అలిసిపోయింది, మూర్ఛ వస్తోంది అని. ఇంకా చూడండి అన్నాను. మొదటి పాదం ‘లున్’తో ముగిసింది, రెండోది ‘డిన్’తో, మూడోది ‘నిన్’తో. మూడు పాదాల చివరా నకారప్పొల్లు. మరి నాలుగో పాదం? అందులో పొల్లు ఒక్కటీ లేదు. ‘రావే’ అని నోరు తెరుచుకుని మొదలై, ‘భద్రాత్మకా’ అని గొంతు ఎంతసేపు పట్టగలిగితే అంతసేపు సాగే దీర్ఘంతో ముగుస్తుంది. మూడు పాదాలు తనలో తాను కూడబలుక్కుని చెప్పినట్టుంటాయి, నాలుగో పాదం కేక. ఛందస్సు నాలుగు పాదాలకూ ఒకటే, అదే శార్దూలం, మ స జ స త త గ. ఆ చట్రంలోనే పోతన ఊపిరి బిగపట్టించాడు, చివర వదిలిపెట్టించాడు.

యతి మీద కూడా పిల్లలకు అప్పటిదాకా ఉన్నది భయమే. 13వ అక్షరం, 13వ అక్షరం అని లెక్కపెట్టడం తప్ప అది ఎందుకుందో ఎవరూ అడగలేదు. నాలుగో పాదంలో మొదటి అక్షరం ‘రా’. పదమూడోది, ‘సంరక్షించు’లో ‘ర’. ఆ రెండిటికీ యతి. రావే అన్న పిలుపుకూ రక్షించు అన్న మొరకూ ముడి పడింది. యతి అక్కడ పడకపోతే ‘సంరక్షించు’ మాటలో ‘ర’ మీద మన చెవి నిలబడదు. ఇది చెప్పినప్పుడు మార్కులు పోగొట్టుకున్న పిల్లలు కూడా పెన్సిలు తీసి ఆ రెండు అక్షరాల కింద గీత గీసుకున్నారు. నేను గీయమనలేదు.

ఇక ఆ తల్లి రాసిన ఏడుపు సంగతి. గురులఘువుల దగ్గర పిల్లలు ఏడ్చేది చాలావరకు ఒక్క సూత్రం దగ్గరే. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అని నేర్పుతాం. పిల్లలు దాన్ని అక్షరాలా పట్టుకుంటారు. పై పద్యం మొదటి పాదంలోనే చూడండి, ‘విలోలంబయ్యెఁ బ్రాణంబులున్’. ‘య్యె’ తర్వాత ‘బ్రా’ ఉంది కాబట్టి ‘య్యె’ గురువు అని గుర్తు పెడతారు. తగణం (రెండు గురువులు, ఒక లఘువు) కావలసింది మగణం అవుతుంది, వరుస కుదరదు, రబ్బరు పెట్టి చెరిపి చెరిపి కాగితం చిరుగుతుంది. నిజానికి ‘బ్రాణంబులున్’ వేరే మాట. తెలుగులో విడి మాట మొదట ఉన్న సంయుక్తాక్షరం దాని ముందు మాట చివరి అక్షరాన్ని గురువు చేయదు. ఇది సూత్రంగా చెబితే మరో సూత్రం అవుతుంది, పిల్లలకు మరో బరువు. పైకి చదివించండి. ‘అయ్యె’ దగ్గర గొంతు ‘య్యె’ మీద బరువు వేయదు. చెవికి తెలుస్తుంది. మా క్లాసులో గురువుకు బల్ల మీద అరచెయ్యి, లఘువుకు ఒక వేలు. ముందు పద్యం అలా కొడుతూ చదువుతారు, తర్వాతే పెన్సిలు పట్టుకుంటారు. రెండు పీరియడ్లు పడుతుంది. సిలబస్ వెనకబడుతుందని తోటి టీచర్లు అన్నారు. వెనకబడింది కూడా. కానీ తర్వాత సీసం, తేటగీతి చెప్పేటప్పుడు ఆ రెండు పీరియడ్లూ తిరిగి వచ్చేశాయి.

అందుకే ఈ ప్రశ్నను తీసేయాలంటే నేను ఒప్పుకోలేను. మూడు అక్షరాలు చూసి పేరు రాసే పిల్లవాడికీ, పొల్లు ఎగిరిపోయిందని పట్టుకున్న పిల్లకూ తేడా తెలిసే చోటు తెలుగు పేపర్లో అదొక్కటే. అడిగే తీరు మారాలి. పాదం కాదు, పద్యం ఇవ్వండి. గణవిభజన ఒక పాదానికే చేయమనండి, పరవాలేదు. పేరు తప్పు రాసినా గురులఘువులు సరిగ్గా పెడితే ఆ పనికి మార్కులు ఇవ్వండి. పేరు ఒక్కటే సరిగ్గా రాసి కింద బట్టీ గణాలు పరిచినవాడికి పూర్తి మార్కులు ఇవ్వకండి. ఆ పైన ఒక్క ప్రశ్న కలపండి. ‘ఈ పద్యంలో మొదటి మూడు పాదాలు ఎలా ముగిశాయి? నాలుగోది ఎలా ముగిసింది? ఆ తేడా ఏనుగు స్థితికి ఎలా తగినట్టుంది?’ ఇలాంటివి. దీనికి జవాబు ఇప్పుడున్న గైడుల్లో దొరకదు. పద్యం ఎదురుగా ఉంటే మాత్రం ఒక మాదిరి పిల్లలు కూడా నాలుగు వాక్యాలు రాయగలరు. మా క్లాసులో రాశారు.

ఇలాంటి జవాబులను దిద్దడం ఎలా, ఒక్కో టీచరు ఒక్కో రకంగా మార్కులు వేస్తారు కదా అని అడుగుతారు. అది న్యాయమైన సందేహం. నేను పాటించే కొలత ఒకటుంది. పిల్ల పద్యంలో ఒక చోటు వేలు పెట్టి చూపించిందా, అక్కడ ఏం జరుగుతోందో చెప్పిందా? రెండూ ఉంటే మార్కు. తన మాట నా ఆలోచనతో కలవాలని లేదు. చోటు చూపించకుండా ‘ఈ పద్యం చాలా గంభీరంగా ఉంది’ అని రాస్తే మార్కు లేదు.

ఈ రెండో రకం జవాబు గురించి హెచ్చరించాలి. రూపం గురించి అడగడం మొదలుపెట్టగానే గైడులు దానికీ బట్టీ తయారుచేస్తాయి. శార్దూలం అంటే పులి కాబట్టి వీరరసానికి, ఉత్పలమాల అంటే కలువల దండ కాబట్టి కోమలమైన భావాలకు, ఇలా. ఇది శుద్ధ తప్పు. పైన ఏనుగు ఏడ్చింది శార్దూలంలోనే. అందులో వీరం ఎక్కడుంది? ఛందస్సు పేరులో భావం ఉండదు. ఆ ఛందస్సును కవి ఆ పద్యంలో ఎలా నడిపించాడన్న దానిలో ఉంటుంది. ఒక పద్యం గురించి చెప్పిన మాట ఇంకో పద్యానికి అతికించగలిగితే, ఆ మాట రెండిటి గురించీ ఏమీ చెప్పనట్టే.

వేమన పద్యం దగ్గరా ఇదే చూస్తాను. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’. ఆటవెలది అని రాసి ఊరుకుంటారు. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు (పొట్టి గణాలు), రెండు ఇంద్రగణాలు (పొడుగు గణాలు). రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే, అంటే పాదం పొట్టి. ఉప్పూ కర్పూరమూ ఒకేలా ఉంటాయని పొడుగు పాదంలో తీరిగ్గా చెప్పి, రుచి వేరని పొట్టి పాదంలో ఠక్కున తేల్చేస్తాడు. ఇక ‘చూ’కీ ‘జా’కీ యతి కుదరలేదని, వేమన యతి తప్పాడని ఒక పిల్లవాడు ధైర్యంగా రాశాడు. అచ్చుల మైత్రి కుదరలేదన్న మాట నిజమే, అంతవరకు చూసినందుకు మెచ్చుకున్నాను. అక్కడ ఉన్నది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవడం. చూడ, జాడ. ఆటవెలదిలో అది చెల్లుతుంది. బట్టీ పట్టేవాడికి ఆ సందేహమే రాదు.

పద్యం కాని కవిత్వానికి మా పేపర్లలో మరీ అన్యాయం జరుగుతోంది. గేయం అనగానే, వచన కవిత అనగానే ‘ఛందస్సు లేదు కాబట్టి నిర్మాణం లేదు’ అని పిల్లలు రాస్తారు. గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ను చప్పట్లు కొట్టించి చూడండి. తకిట తకధిమి, తకిట తకధిమి. మూడు, నాలుగు, మూడు, నాలుగు. మొదటి మూడు పాదాలకూ 14 మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు). ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’ దగ్గరికి వచ్చేసరికి 12. చప్పట్లకు రెండు మాత్రలు తక్కువ పడి పిల్లలు ‘వోయ్’ని వాళ్లంతట వాళ్లే లాగి అంటారు. లాగమని ఎవరూ చెప్పరు. వచన కవితలోనైతే చప్పట్లు కుదరవు. పాదం ఎక్కడ విరిచారు, ఏ మాట మళ్లీ వచ్చింది, ఏ మాట ఒక్కదాన్నే ఒక పాదంలో ఒంటరిగా నిలబెట్టారు అని అడగాలి. ఆ పాదాలన్నీ కలిపి వచనంలా ఒకే వరుసలో రాయించి, తర్వాత కవి విరిచినట్టు చదివిస్తే చాలు, విరుపు చేసే పని వాళ్లకే తెలుస్తుంది. దీని మీద ఒక్క ప్రశ్న కూడా నేను దిద్దిన పేపర్లలో రాలేదు.

ఉత్తరం రాసిన ఆ తల్లికి ఒక మాట. అమ్మా, మీ అమ్మాయి ఈ రాత్రి మళ్లీ గణాల దగ్గర ఆగిపోతే, పెన్సిలు పక్కన పెట్టించి పాదం రెండుసార్లు గట్టిగా చదవమనండి. మీరు పక్కన కూర్చుని వినండి. మీకు ఛందస్సు రాకపోయినా పరవాలేదు, ఎక్కడ గొంతు నొక్కిందో ఎక్కడ తేలిపోయిందో మీకూ వినిపిస్తుంది. గొంతు నొక్కిన చోట గురువు పెట్టమనండి. ఆ తర్వాతే సూత్రాలతో సరిచూసుకోమనండి.

సంపాదకులకు ఒక విన్నపం. మీ విద్యార్థుల పేజీలో మాదిరి ప్రశ్నలు వేస్తుంటారు. ఈసారి ఛందస్సు మీద వేసేటప్పుడు ఒక్క పాదంతో సరిపెట్టకుండా పై పద్యం నాలుగు పాదాలూ వేయండి. కింద పేరు అడగకుండా, ‘గట్టిగా చదివి, మీ ఊపిరి ఎక్కడ ఆగిందో రాయండి’ అని మాత్రం అడగండి. రెండో పాదంలో ‘ఠావుల్’కు పొల్లు ఉందో లేదో అచ్చుకు వెళ్లే ముందు ఒకసారి చూడమని ప్రూఫులు దిద్దేవారికి చెప్పండి.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు